చీపురుపుల్లతో కొలిచిన డబ్ల్యూపీ ఇంజను

మా నాయనకు ఎనభై ఏళ్ళు నిండాయని ఒక ఆవిరి ఇంజను బొమ్మ చేయించాను. చేసినవాళ్ళది అనంతపురంలో క్లాక్ టవర్ నుంచి ఐదు నిమిషాలు నడిస్తే వచ్చే 3డి ప్రింటింగ్ షాపు. పేరు రాయడం లేదు. షాపులో ఉన్నది ఇద్దరు కుర్రాళ్ళు, ఒక మిషను. ఇది చదివి పదిమంది ఒకేసారి ఫోన్ చేస్తే నా రెండో ఆర్డరు మూలన పడుతుంది. కావాలన్నవాళ్ళకు విడిగా చెబుతాను.

ఆ షాపులో ఎక్కువగా చేసేది రిటైర్మెంటు షీల్డులు, పెళ్ళిజంటల బొమ్మలు, బీటెక్ పిల్లల ప్రాజెక్టులు. రైలింజను అడిగింది నేనే మొదటివాణ్ణి. "వందేభారతా అన్నా?" అన్నాడు పెద్ద కుర్రాడు. కాదు, డబ్ల్యూపీ అనే క్లాసు ఆవిరి ఇంజను అన్నాను. ఫోన్‌లో వెతికి, ముక్కు బుల్లెట్టులా ఉండి దాని మీద నక్షత్రం ఉన్న ఫోటో చూపించి "ఇదేనా?" అన్నాడు. అదే. 14 వేలకు ఒప్పుకున్నాం. 5 వేలు అడ్వాన్సు ఇచ్చాను, మూడు వారాల్లో ఇస్తామన్నారు. రెండు నెలలు పట్టింది. ఆలస్యానికి ఒక మార్కు ఇక్కడే కోసేస్తున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా "రంగు ఆరుతోందన్నా" అన్నారు. అనంతపురం ఎండలో ఏ రంగైనా రెండు నెలలు ఆరుతుందా?

బొమ్మ 1:76 స్కేలులో ఉంది, అంటే అసలు ఇంజనులో 76వ వంతు, అడుగుకు కొంచెం ఎక్కువ పొడవు. రెజిన్‌తో ప్రింట్ చేసి, సానబట్టి, ఎయిర్‌బ్రష్‌తో రంగు కొట్టారు. కింద టేకు చెక్క, దాని మీద రెండు పట్టాలు, పైన అక్రిలిక్ పెట్టె. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పాసింజరు రైల్లో గుంతకల్లు తెచ్చాను. ఎదురుగా కూర్చున్నామె ఉగ్గాని బజ్జి తింటూ "గుడికా సామీ?" అని అడిగింది.

నాయన 1963లో గుంతకల్లు లోకో షెడ్డులో క్లీనరుగా చేరాడు. కాటన్ వేస్టు పట్టుకుని ఇంజను కింద దూరడంతో మొదలుపెట్టి, సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్ అయి, తర్వాత డీజిలుకు మారి, డ్రైవరుగా రిటైరయ్యాడు. రాత్రి రెండింటికి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ పుస్తకం, లాంతరు పట్టుకుని వచ్చి తలుపు కొట్టడం నాకూ లీలగా గుర్తుంది. అందుకే బొమ్మ విప్పగానే అబ్బురపడతాడని నేను అనుకున్నాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. పెరట్లోకి పోయి చీపురులోంచి ఒక పుల్ల లాక్కొచ్చాడు. దాన్ని పెద్ద చక్రం పక్కన నిలువుగా పెట్టి, చక్రం ఎత్తుకు సరిగ్గా గోటితో తుంచాడు. ఆ ముక్కను ఇంజను ముందున్న పట్టాల మధ్య అడ్డంగా పెట్టబోయాడు. పట్టలేదు. పుల్ల రెండు వైపులా పట్టాల మీదికి ఎక్కి కూర్చుంది.

"ఇది మీటరు గేజికి ఎక్కువ, బ్రాడ్ గేజికి తక్కువ. యాడిదప్పా ఇది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. డబ్ల్యూపీ పెద్ద చక్రం ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. మన బ్రాడ్ గేజి, అంటే రెండు పట్టాల మధ్య ఎడం, ఐదడుగుల ఆరంగుళాలు. తేడా ఒక్క అంగుళం. బొమ్మ ఎంత చిన్నదైనా చక్రం ఎత్తూ పట్టాల మధ్య ఎడమూ దాదాపు ఒకటే ఉండాలి. షెడ్డులో ఎవరో పెద్ద డ్రైవరు కొత్త క్లీనర్లకు చెప్పిన లెక్క అది. లెక్కల మాస్టర్ని నేను, అరవై ఏళ్ళ కిందటి ఆ లెక్కను ఆయన నా ముందు చీపురుపుల్లతో చేశాడు.

స్కేలు తెచ్చి కొలిస్తే పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 76తో గుణిస్తే 1254. మన గేజి 1676. షాపుకు ఫోన్ చేస్తే నిజం చెప్పారు: చక్రాలూ పట్టాలూ ఆన్‌లైన్‌లో రెడీమేడ్‌గా దొరికితే కొన్నారట. అవి ఇంగ్లండులో రైలు బొమ్మలకు వాడే కొలత. నాకు నవ్వొచ్చిందేమిటంటే, వాళ్ళ అసలు గేజి 1435, అంటే ఈ స్కేలుకు 18.88 రావాలి. వాళ్ళ సొంత గేజికే సరిపోని కొలతను మా డబ్ల్యూపీకి తొడిగారు.

మర్నాడు నాయనను వెంటబెట్టుకుని మళ్ళీ అనంతపురం పోయాను. అక్కడ చిన్న కుర్రాడు ఒక మాటన్నాడు: "తాతా, ఈ ఇంజన్లు అమెరికా నుంచి వచ్చినవే కదా, అక్కడి కొలతే పెట్టాం అనుకోండి."

నాయనకు కోపం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరగంట షాపులో పని ఆగిపోయింది.

డబ్ల్యూపీలు అమెరికా నుంచి వచ్చిన మాట నిజమే. 1947లో ఫిలడెల్ఫియా పక్కన ఎడ్డీస్టోన్‌లో ఉన్న బాల్డ్విన్ కంపెనీ మొదటి పదహారూ చేసి పంపింది, 7200 నుంచి 7215 దాకా. తర్వాత కెనడా, పోలండు, ఆస్ట్రియా కంపెనీలు చేశాయి, చివరకు మన చిత్తరంజన్‌లోనూ చేశారు. 1967 దాకా మొత్తం 755. విదేశాల్లో తయారైన డబ్ల్యూపీ ఏదైనా సరే, పుట్టిన ఊళ్ళో ఒక్క స్టేషనుకు కూడా పోలేదు. పోవడానికి అక్కడ దారి లేదు. డల్హౌసీ కాలంలో మన దేశానికి ఐదడుగుల ఆరంగుళాల గేజి ఖాయమైంది. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా వేసిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. అది మొదటి నుంచీ ఈ గేజే. కాబట్టి ఫిలడెల్ఫియా పక్కన పుట్టినా దాని చక్రాల మధ్య కొలత మాత్రం గుంతకల్లుదే. "పుట్టినింట్లో అడుగు పెట్టే చోటు లేని ఆడబిడ్డ" అన్నాడు నాయన. మా అమ్మ ఉంటే ఆ పోలికకు ఏదో ఒకటి అనేది.

నాయన నన్ను మాంచెస్టర్ ఇంజను ఫోటో వాళ్ళకు చూపించమన్నాడు. మా పెదనాన్న మనవడు అక్కడ ఉద్యోగం చేస్తాడు. కొన్నేళ్ళ కిందట అక్కడి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంకు పోయి, "తాతా, ఇది మనదే" అని ఆ ఫోటో పంపాడు. నంబరు 3157, ఎస్పీఎస్ క్లాసు, 1911లో వల్కన్ ఫౌండ్రీ చేసింది. ఆ ఫ్యాక్టరీ న్యూటన్-లె-విల్లోస్‌లో, మాంచెస్టర్‌కు లివర్‌పూల్‌కు మధ్యలో ఉండేది. అప్పటి మన దేశంలోని నార్త్ వెస్టర్న్ రైల్వే కోసం మన గేజితో చేసి పంపారు. దేశం విడిపోయాక పాకిస్తాన్ రైల్వేకు పోయింది. అక్కడ పని ముగిశాక తిరిగి ఇంగ్లండుకు, పుట్టిన ఊరి పక్కకే వచ్చింది. రంగు, మెరుగు బ్రహ్మాండంగా పెట్టారు. కానీ ఆ మ్యూజియం గుమ్మం దాటి పట్టాలెక్కిద్దామన్నా ఇంగ్లండులో ఏ లైనూ దాన్ని మోయలేదు. చక్రాలు తొమ్మిదిన్నర అంగుళాలు ఎక్కువ ఎడంగా ఉంటాయి.

అదే వల్కన్ ఫౌండ్రీ 1955లో మనకు డబ్ల్యూఎల్ క్లాసు ఇంజన్లు పంపింది. అందులో 15005కు షేర్-ఎ-పంజాబ్ అని పేరు. అది హర్యానాలోని రేవారి షెడ్డుకు చేరింది. 2019లో నాయనను ఢిల్లీ తీసుకుపోయినప్పుడు రేవారి కూడా చూశాం. 1893 నాటి షెడ్డు అది. ఆజాద్ అని పేరు పెట్టిన 7200, అంటే బాల్డ్విన్ పంపిన మొదటి డబ్ల్యూపీ, 1943లో అదే బాల్డ్విన్‌లో పుట్టిన విరాట్ అనే ఇంజను, ఇలాంటివన్నీ అక్కడ దాచిపెట్టిన పరదేశీలే. మెట్టినింట్లో ఉన్నాయి కాబట్టి గుమ్మం దాటితే వాటికి పట్టాలున్నాయి.

రేవారిలో నాయన రంగు చూడలేదు, పేరు చూడలేదు. బొగ్గు మండే ఫైర్‌బాక్సు తలుపు దగ్గర వంగి దాని పైకప్పు వైపు చూశాడు. లెడ్ ప్లగ్గుల కోసమట. బాయిలర్లో నీళ్ళు తగ్గి ఆ పైకప్పు రేకు బయటపడితే ముందు ప్లగ్గులోని సీసం కరుగుతుంది. ఆ రంధ్రంలోంచి ఆవిరి మంట మీదికి దిగి ఫైర్‌మన్‌ను హెచ్చరిస్తుంది. ప్లగ్గు కరిగిందంటే ఆ ఫైర్‌మన్ పని అయిపోయినట్టే, ఛార్జిషీటు ఖాయం. ఇప్పుడు ఆ ఇంజన్లకు రంగు వేసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. ట్యూబులు మార్చి, 210 పౌండ్ల ప్రెషరు నిలబెట్టి, బాయిలర్లో నీటిమట్టం చూపే నీళ్ళ గ్లాసు మీద కన్ను ఉంచే మనిషి దొరకడమే కష్టం.

ఫెయిరీ క్వీన్ అనే పాత ఆవిరి ఇంజను సంగతి అందరికీ తెలిసిందే. 1855లో లీడ్స్‌లో పుట్టి, 1909లో రిటైరై, 1997లో మళ్ళీ ఆవిరి పట్టింది. 2011 నాటికి దాని భాగాలు చాలావరకు దొంగలపాలయ్యాయి. పెరంబూరు వర్క్‌షాపులో బాగు చేశాక 2017లో గానీ మళ్ళీ నడవలేదు. "ఇత్తడి కనబడితే దొంగకు ఇంజను వయసుతో పనేముంది" అన్నాడు నాయన. పెద్ద కుర్రాడు మాత్రం ఇంకో మాట అడిగాడు: పోయిన ఇత్తడి భాగాన్ని కొలతలు తీసుకుని ప్లాస్టిక్‌లో ప్రింట్ చేస్తే, దాన్ని అచ్చుగా పెట్టి పోత పోయలేరా అని. వెనకటికి ఆ అచ్చులు చెక్కతో చేసేవాళ్ళు. నాయన కాసేపు ఆలోచించి "ఇంజెక్టరు కోను ఒకటి చేసి చూడు" అన్నాడు, బాయిలర్లోకి నీళ్ళు తోసే ఇంజెక్టరులోని భాగం అది. షాపువాడి మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

ఇక బొమ్మ సంగతి. చక్రాలు, పట్టాలు 22 మిల్లీమీటర్లకు మళ్ళీ చేశారు. 76తో గుణిస్తే 1672. నాలుగు తక్కువ. నాయన పుల్ల పెట్టి చూసి ఊరుకున్నాడు. దీనికి అదనంగా 1,800 అడిగారు, సగం ఇచ్చాను. తప్పు వాళ్ళదే అయినా చక్రాలను విడిగా లేతు మీద తిప్పించాల్సి వచ్చిందట.

బాగున్నవి: ముక్కు వంపు, పక్క రాడ్లు, క్యాబు లోపలి నీళ్ళ గ్లాసులు. అంత చిన్న చోట రెండు గ్లాసులూ పెట్టారు. నాయన వాటిని వేలితో చూపించి మనవరాలికి పది నిమిషాలు క్లాసు తీసుకున్నాడు. బాగాలేనివి: ఎడమ వైపు హ్యాండ్ రెయిలు రెండో రోజే ఊడింది, ఫెవిక్విక్‌తో నేనే అతికించాను. ముక్కు మీద నక్షత్రం కొంచెం వాలింది. ఇంజను వెనక బొగ్గు మోసే టెండరులో బొగ్గు నల్లటి నేరేడుపళ్ళలా మెరుస్తోంది. నాయన పెట్టెలో గుర్తుగా దాచుకున్న రాతిబొగ్గు ముక్కను రోట్లో వేసి దంచి, జిగురు పూసి దాని మీద చల్లాడు. ఇప్పుడు బొమ్మలో అన్నిటికంటే అసలైనది ఆ గుప్పెడు బొగ్గే.

నంబరు దగ్గర ఇంకో పేచీ. ఫోటోలు ఎక్కువ దొరికేది అక్బర్ అనే డబ్ల్యూపీవి కాబట్టి వాళ్ళు 7161 రాశారు. అది 1965లో చిత్తరంజన్‌లో చేసింది. నాయన ఎక్కువగా బొగ్గు కొట్టింది కెనడా ఇంజనుకు. దాని నంబరు నాలుక చివరన ఉందంటాడు గానీ ఒకరోజు చెప్పింది ఇంకోరోజు చెప్పడు. "సరిగ్గా తెలియని నంబరు రాయొద్దు, ఖాళీగా వదలండి" అన్నాడు. ఖాళీ ప్లేటుతోనే ఉంది.

ఐదుకు నాలుగు మార్కులు. కొలతలు మీరే రాసిచ్చి, గేజి నోటితో కాకుండా కాగితం మీద చెప్పేట్టయితే ధైర్యంగా ఇవ్వొచ్చు. రెడీమేడ్ చక్రాలు వాడొద్దని ముందే చెప్పండి.

రెండో ఆర్డరు నాయనది, ఆయన పెన్షన్ డబ్బులతో. మాంచెస్టర్‌లోని 3157 బొమ్మ కావాలట. ఒకే చెక్క మీద రెండు లైన్లు వేయాలి: ఒకటి 22, ఒకటి 18.88. ఇంజను మనదాని మీద నిలబడి ఉండాలి, పక్కన వాళ్ళ లైను ఖాళీగా ఉండాలి. 12 వేలు అన్నారు, రెండు నెలలన్నారు, అంటే నాలుగు. దాని పెద్ద చక్రాలు డబ్ల్యూపీవాటి కంటే ఎత్తు, కాబట్టి చక్రంతో గేజి కొలిచే ఉపాయం దీనికి పనికిరాదు. అందుకని నాయన ఈసారి స్కేలు పెట్టి సరిగ్గా 22కు ఒక చీపురుపుల్ల కోసి, కాగితంలో చుట్టి, అడ్వాన్సుతో పాటు పెద్ద కుర్రాడి చొక్కా జేబులో పెట్టి వచ్చాడు.