సింటర్డ్ ప్యాడ్లా, ఆర్గానిక్ ప్యాడ్లా: బండి డిస్క్‌కి ఏది మేలు?

ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా స్పేర్ పార్ట్స్ షాపులో బ్రేక్ ప్యాడ్లు అడిగితే చాలా బళ్లకు రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి మామూలు ఆర్గానిక్ రకం. రెండోది కాస్త ఖరీదైన సింటర్డ్ రకం. "ఇవి ఎక్కువ కాలం వస్తాయండీ" అని షాపువాళ్లు రెండోదే చేతిలో పెడతారు. వాళ్లు చెప్పేది నిజమే, కాకపోతే అది ప్యాడ్ల గురించి మాత్రమే. వాటి మధ్య తిరిగే డిస్క్ ఎంతకాలం వస్తుందో ఆ మాటలో లేదు. డిస్క్ ధర ప్యాడ్ల జతకు కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే ప్యాడ్లు కొనేటప్పుడే డిస్క్ గురించి ఆలోచించాలంటాను.

ఆర్గానిక్ ప్యాడ్ అంటే పీచు, రబ్బరు లాంటివి రెసిన్‌తో కలిపి అచ్చుపోసింది. మెత్తగా ఉంటుంది, తను అరుగుతూ డిస్క్‌ని కాపాడుతుంది. సింటర్డ్ అంటే రాగి, ఇనుము లాంటి లోహాల పొడిని వేడితో, ఒత్తిడితో ముద్దగా చేసింది. తడిసినా, బాగా వేడెక్కినా దాని పట్టు తొందరగా తగ్గదు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో వెనక మనిషితో, లగేజీతో తరచూ దిగేవాళ్లకు అది చిన్న విషయం కాదు. అక్టోబరు, నవంబరు వానల్లో హైవే మీద తిరిగేవాళ్లకూ అంతే. అయితే ఆ గట్టిదనమే డిస్క్‌ని ఎక్కువ అరగదీస్తుంది, వేడిని క్యాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్క్‌కి నొక్కే భాగం) వైపు ఎక్కువగా పంపుతుంది.

కొన్ని ప్యాడ్ల వెనక జీజీ, హెచ్‌హెచ్ లాంటి అక్షరాల జంట ఉంటుంది. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. జీ కంటే హెచ్ ఎక్కువ. ఆ అక్షరాలు చూసి డిస్క్ ఎంత అరుగుతుందో చెప్పలేం.

నా లెక్క ఇదీ. కంపెనీ సింటర్డ్ ప్యాడ్లతో పంపిన బండికి సింటర్డ్ వేయండి, ఆ డిస్క్‌ని వాటికి తగ్గట్టే చేసి ఉంటారు. ఆర్గానిక్‌తో వచ్చిన బండి మీద ఊళ్లో, ఆఫీసుకి, పొలానికి తిరిగేవాళ్లు ఆర్గానిక్ దగ్గరే ఆగడం మేలు.

చీమకుర్తి వైపు తిరిగేవాళ్లకు మాత్రం ఈ సలహా అంత తేలిగ్గా చెప్పలేను. గ్రానైట్ క్వారీల దుమ్ములో మెత్తని ప్యాడ్లు తొందరగా అయిపోతాయి. ఆ పొడి ప్యాడ్‌లో ఇరుక్కుని డిస్క్ మీద గీతలు పెడుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం, ప్యాడ్ పూర్తిగా అరిగిన సంగతి గమనించకుండా నడపడం. వెనకున్న ఇనుప ప్లేటు డిస్క్‌కి తగిలిందంటే కొద్ది రోజుల్లోనే డిస్క్ పాడవుతుంది. ఏ రకం ప్యాడ్ వాడినా ఇంత నష్టం ఉండదు. కాబట్టి అక్కడ ఆర్గానిక్ వేస్తే ఆయిల్ మార్చిన ప్రతిసారీ టార్చి వేసి ప్యాడ్ మందం చూడాల్సిందే. రెండు మిల్లీమీటర్లకు దగ్గర పడితే మార్చేయండి, కీచుమనే దాకా ఆగొద్దు. అంత ఓపిక లేదనుకునేవాళ్లకు సింటర్డ్ నయం. డిస్క్ కాస్త ముందుగా అరిగినా, ఇనుము ఇనుముకి రాసుకునే పరిస్థితి అంత త్వరగా రాదు.

ఇక సముద్రం పక్కన. మైపాడు, కొత్తపట్నం వైపు రోజూ తిరిగే బళ్లకు పొద్దున్నే డిస్క్ మీద గోధుమరంగు పొర కనిపిస్తుంటుంది. డిస్క్ స్టెయిన్‌లెస్ స్టీల్‌దే అయినా ఉప్పుగాలికి పైపైన తుప్పు వస్తుంది. నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు. తుప్పు పోతుందని చైన్ స్ప్రేనో నూనెనో డిస్క్ మీద కొట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వాటర్ సర్వీస్ అయ్యాక బండి మెరవాలని డీజిల్ కొట్టే అలవాటు కూడా ఇలాంటిదే. ముందే చెప్పి ఆపించండి. నూనె పీల్చిన ఆర్గానిక్ ప్యాడ్‌ని కాల్చినా, రుద్దినా నమ్మడానికి లేదు, కొత్తవి వేయాలి. డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో తుడవాలి.

ఉప్పు అసలు దెబ్బ కొట్టేది క్యాలిపర్ పిన్నుల మీద. మన బళ్లలో చాలావాటికి ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ ఒకవైపే ఉంటుంది. బ్రేక్ నొక్కినప్పుడు క్యాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి రెండో ప్యాడ్‌ని డిస్క్‌కి తెస్తుంది. పిన్ను కదలకుండా పట్టేస్తే ప్యాడ్లు ఒకవైపు ఎక్కువగా అరుగుతాయి. లివర్ వదిలినా ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది, డిస్క్ ఊరికే వేడెక్కుతుంది. నాలుగైదు కిలోమీటర్లు బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపి ఆపి, డిస్క్‌ని ముట్టుకోకుండా దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గట్టిగా సెగ తగిలితే పిన్నులు గానీ పిస్టన్ గానీ పట్టేసినట్టే.

మంచి ప్యాడ్ల మీద ఎక్కువ డబ్బు పెట్టడమా, పిన్నులు శుభ్రం చేయించడమా అంటే నేను రెండోదే ముందంటాను. పట్టేసిన పిన్నుల మీద ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా డిస్క్ మిగలదు. శుభ్రం చేశాక వేసేది బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే కావాలి. బేరింగ్ గ్రీజు పూస్తే పిన్నుల రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. ప్రెషర్ వాటర్ కూడా క్యాలిపర్ మీద నేరుగా కొట్టనివ్వొద్దు.

అరిగిన డిస్క్‌కి లేత్ పట్టించి చదును చేయించడమా, కొత్తది కొనడమా? ఇక్కడ నాకు సందేహమే లేదు, కొత్తదే. డిస్క్ మీదే కనీస మందం చెక్కి ఉంటుంది. కొత్తగా నాలుగు మిల్లీమీటర్లున్న డిస్క్‌కి హద్దు మూడున్నర అనుకోండి, రెండు వైపులా కలిపి అరగాల్సింది అర మిల్లీమీటరే. లేత్ పడితే అందులో మిగిలింది కాస్తా పోతుంది. అంత పలచటి గట్టి ఉక్కు లేత్ మీద సమంగా రావడమూ కష్టమే. కొలిచేటప్పుడు ఇంకో చిక్కుంది. ప్యాడ్ తగలని అంచు అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. వెర్నియర్ ఆ గట్టు మీద కూర్చుంటే డిస్క్ ఇంకా బాగుందనిపిస్తుంది. మైక్రోమీటరుతో ప్యాడ్ రాసుకునే చోట, చుట్టూ నాలుగైదు చోట్ల కొలిపించండి.

గోరుకి తగిలీ తగలని సన్న గీతలకు డిస్క్ మార్చక్కర్లేదు. బ్రేక్ వేస్తే లివర్ వణుకుతున్నా డిస్క్ వంగిందని వెంటనే తేల్చేయకండి. ప్యాడ్ పదార్థం డిస్క్ మీద అక్కడక్కడా అంటుకున్నా అలాగే ఉంటుంది. ముందు శుభ్రం చేసి, బోల్టులు చూసి, వంపు కొలిచే డయల్ గేజ్ పెట్టించాలి. వంపు 0.3 మిల్లీమీటర్లు దాటితే చాలా బళ్లకు మార్చాల్సిందే. ఏబీఎస్ ఉన్న బండిలో సడన్ బ్రేక్‌కి లివర్ కొట్టుకోవడం మామూలే, అది లోపం కాదు.

కొత్త డిస్క్ వేయిస్తే ప్యాడ్లూ కొత్తవే వేయించండి. పాత ప్యాడ్ మీద పాత డిస్క్ గాడులు అచ్చుపడి ఉంటాయి, కొత్తదాన్ని అంతటా సమంగా పట్టవు. మొదటి రోజుల్లో ట్రాఫిక్ లేని చోట మోస్తరు వేగం నుంచి మెల్లగా ఓ ముప్పై నలభైసార్లు బ్రేక్ వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నడపాలి. అప్పటిదాకా బ్రేక్ పూర్తిగా పట్టదు కాబట్టి ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి.