చిన్న చేతులకు సరిపడిన 6×30 బైనాక్యులర్

మా ఐదో తరగతి పిల్లలకు పిట్టలను చూపించడానికి 6×30 బైనాక్యులర్లు రెండు కొని ఏడాది దాటింది. అంతకుముందు నా దగ్గరున్న పాత 10×25 ఇచ్చేదాన్ని. "టీచర్, అంతా నల్లగా ఉంది" అనేవాళ్లు. ఎదురుగా కొమ్మ మీద పికిలిపిట్ట కూర్చునే ఉండేది. సరిగ్గా చూడటం లేదని వాళ్లనే విసుక్కునేదాన్ని. తప్పు వాళ్లది కాదని ఆలస్యంగా తెలిసింది.

మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటి దగ్గరకు వచ్చే వెలుగు చుక్క ఎంతుంటుందో తెలుస్తుంది. 10×25లో అది 2.5 మి.మీ. మాత్రమే. కన్ను కాస్త పక్కకు జరిగితే చీకటే. 6×30లో 5 మి.మీ. వస్తుంది. పైగా పది రెట్లు చూపించేది చేతి వణుకును కూడా పది రెట్లు చూపిస్తుంది. ఎక్కువ రెట్లుంటే మంచిదని పిల్లల కోసం కొనేవాళ్లు దయచేసి అనుకోకండి.

రెండు గొట్టాలు ఎంత దగ్గరకు ముడుచుకుంటాయో కూడా చూడాలి. ఇవి 50 మి.మీ. వరకు వస్తాయి, అందుకే చిన్న ముఖాలకు కుదిరాయి. ఫోకస్ చక్రం మాత్రం బిగువు. ఒకదానికి కంటి దగ్గరి రబ్బరు అప్పుడే పగిలింది.

ముందు పిట్టను మామూలుగా చూసి, చూపు తిప్పకుండా బైనాక్యులర్ పైకెత్తమని నేర్పాను. సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదని ప్రతిసారీ చెబుతాను.

బడి గోడ కన్నంలో పిచ్చుక గూడు పెట్టింది. ఒక పాప చాలాసేపు చూసి, "టీచర్, దాని ముక్కులో పచ్చ పురుగుంది! పిచ్చుకలు గింజలు కదా తినేది?" అంది. పెద్ద పిచ్చుకలు గింజలే ఎక్కువ తింటాయి, పిల్లలకు మాత్రం ఎక్కువగా పురుగులే పెడతాయని చెప్పాను. పక్కనున్న బాబు వెంటనే, "మరి మన తోటలో పురుగుల మందు కొడితే వాటికేం దొరుకుతుంది?" అన్నాడు. ఆ పాఠం నేనింకా మొదలుపెట్టనే లేదు! ఆ వారం కొట్టాల్సిన మందు పిల్లలే అడిగి ఆపించారు. గూట్లోంచి పిల్లలు ఎగిరిపోయేదాకా మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ముప్పై మందికి రెండు చాలడం లేదు. వచ్చే ఏడు ఇవే ఇంకో రెండు కొంటాను.