గడప ముందు తడిపిండి ముగ్గా, పెయింట్ ముగ్గా?

మా గచ్చు మీద రెండూ వేసి చూశాను. ఖర్చు సంగతి ముందే చెప్పేస్తా. తడిపిండికి గుప్పెడు బియ్యం చాలు. పెయింట్‌కి చిన్న తెల్ల ఎనామిల్ డబ్బా, సన్న బ్రష్, చేతికంటింది వదిలించుకోవడానికి టర్పెంటైన్ కావాలి.

బియ్యం రెండు మూడు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, పల్చటి మజ్జిగలా కలపాలి. గుడ్డపేలిక అందులో ముంచి గుప్పిట్లో మెల్లగా నొక్కితే, పిండి ఉంగరం వేలి మీదుగా జారుతుంది. ఆ వేలే మన బ్రష్. గీసేటప్పుడు గీత నీళ్లలా ఉండి సరిగా కనబడదు, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. ఆ కాసేపు చూడ్డానికే నేను వేస్తానేమో! జాజు అలికిన అరుగు మీదైతే ఇంకా ముచ్చటగా ఉంటుంది. తొక్కకపోతే రెండు మూడు రోజులు నిలుస్తుంది. చీమలు మాత్రం పడతాయి. వాటి కోసమే కదే అనేది మా అమ్మమ్మ.

పెయింట్ నెలలు, ఏళ్ల తరబడి ఉంటుంది. సుఖమూ అదే, తంటా అదే. ఏడు చుక్కల ముగ్గులో ఒక చుక్క పక్కకి పోయింది, మూడేళ్లుగా నన్నే చూస్తోంది. పైగా నున్నటి టైల్స్ మీద పెచ్చులూడుతుంది, గరుకు సిమెంటు మీదే దానికి పట్టు. రాత్రి వేస్తే తెల్లారేదాకా పిల్లల్ని ఆపాలి.

అద్దె ఇల్లయితే ఆలోచించక్కర్లేదు, తడిపిండే. మా మెట్లకి పెయింట్ వేసి వదిలేశాను, గడప ముందు మాత్రం ఇప్పటికీ బియ్యం నానాల్సిందే.