స్టార్‌ఫీల్డ్ యాత్ర: ఊళ్లున్నాయి, దారి లేదు

మారతహళ్లి, బెల్లందూరు పీజీల్లో ఆర్‌పీజీలంటే, అంటే పాత్రధారణ గేమ్‌లంటే, ప్రాణం పెట్టే మనవాళ్లు చాలామందే ఉన్నారు. శుక్రవారం రాత్రి మడివాళలో ఊరి బస్సు ఎక్కని వారాల్లో వాళ్లకు గేమే ప్రయాణం. స్టార్‌ఫీల్డ్ ఇప్పుడైనా మొదలుపెట్టొచ్చా అని అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను. 2023 సెప్టెంబరు 6న పీసీకీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకూ వచ్చిన గేమ్ ఇది. 100కి పైగా నక్షత్ర వ్యవస్థలు, 1000కి పైగా గ్రహాలు, మీ చేతికో ఓడ. ప్రయాణం పేరు చెప్పి వచ్చిన గేమ్ కాబట్టి యాత్రను తూచినట్టే తూచాలి: ఏ ఊరు చూడాలి, ఎక్కడ దిగాలి, ఏ సేవ అక్కరకొస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఊళ్లు ఓపిగ్గా కట్టారు, ఓడ ఇంకా బాగా ఇచ్చారు, రెండింటినీ కలిపే ప్రయాణాన్ని మాత్రం తీసేశారు. మిగతా లోపాలన్నీ అక్కణ్నుంచే పుట్టాయి.

బయల్దేరే ముందు సామాను సంగతి. 125 జీబీ ఖాళీ కావాలి, అదీ ఎస్‌ఎస్‌డీ మీద. పాత హార్డ్ డిస్కులో వేస్తే మాట ఒకచోట, పెదవి ఒకచోట అవుతుంది. తలుపు దాటిన ప్రతిసారీ బొమ్మ ఆగుతుంది. కొత్త డ్రైవ్ కోసం ఎస్‌పీ రోడ్డుకు వెళ్లేవాళ్లు ముందు లాప్‌టాప్ వెనక మూత తీసి, ఎస్‌ఎస్‌డీ పెట్టే రెండో ఎం.2 స్లాట్ ఉందో లేదో, ఉంటే అది ఎన్‌వీఎంఈ రకం డ్రైవ్ తీసుకుంటుందో సాటా రకం మాత్రమేనో చూసుకోండి. రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని చోట ఒకటి పనిచేయవు. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసే ఉంటాయి, శనివారమే వెళ్లడం మేలు. డౌన్‌లోడ్‌కు 50 ఎంబీపీఎస్ నిలకడగా అందితే ఐదున్నర గంటలు పడుతుంది. పీజీ వైఫై అందరూ పంచుకుని మీ వాటా 5 ఎంబీపీఎస్‌కు పడిపోతే రెండు రోజులు దాటుతుంది. గ్రాఫిక్స్ కార్డు కనీసం జీటీఎక్స్ 1070 టీఐ గానీ ఆర్‌ఎక్స్ 5700 గానీ, ర్యామ్ 16 జీబీ. ఆర్‌టీఎక్స్ కార్డులున్నవాళ్లకు గేమ్ వేగం పెంచే డీఎల్‌ఎస్‌ఎస్ 2023 నవంబరులో గానీ రాలేదు. ఇప్పుడు ఉంది, వేసుకోండి. నీడలూ, జనం రద్దీ తగ్గిస్తే పెద్ద ఊళ్లలో తేడా కనబడుతుంది, ఎందుకంటే అక్కడ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

ఇక ప్రయాణం. ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే ఓడెక్కి సీట్లో కూర్చోవాలి. ఓడ లేచే దృశ్యం వస్తుంది, తెర నల్లబడుతుంది. మ్యాపులో గమ్యం పెట్టి బటన్ నొక్కిపట్టుకుంటే గ్రావ్ జంప్, అంటే నక్షత్రం నుంచి నక్షత్రానికి ఒక్క గెంతు, మళ్లీ తెర మారుతుంది. ఎదురుగా గ్రహం ఉంటుంది గానీ దాని దాకా ఎంతసేపు నడిపినా దిగలేరు. మళ్లీ మ్యాపు తెరిచి దిగే చోటు ఎంచుకోవాలి. దిగే దృశ్యం, ఆపైన తలుపు, ఆపైన ఇంకో నల్ల తెర. ఇంత తతంగం వద్దనుకుంటే, ముందు చూసిన చోటైతే చాలు, ఓడ ఎక్కకుండానే వీధిలో నిలబడి మ్యాపులో నొక్కితే నేరుగా అవతలి గ్రహం మీద తేలతారు. కొన్ని గంటలు గడిచేసరికి అందరూ చేసేది అదే.

బెంగళూరు నుంచి కర్నూలు వెళ్లే హైవేనే తీసుకోండి. చిక్కబళ్లాపురం దగ్గర నంది కొండలు, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లేపాక్షి వైపు మలుపు, తర్వాత పెనుకొండ, ఆ తర్వాత గుత్తి కోట. ఆగకపోయినా అవి ఉన్నాయని తెలుస్తుంది, ఈసారి చూడాలి అనిపిస్తుంది. ఇదే స్టూడియో 2011లో ఇచ్చిన స్కైరిమ్ ఆ రుచి మీదే నిలబడింది. ఒక ఊరికని బయల్దేరితే దారిలో గుహ కనబడి గంట గడిచిపోయేది. స్టార్‌ఫీల్డ్‌లో పక్కకు లాగేది ఏదీ ఉండదు, లాగడానికి పక్క అంటూ లేదు కాబట్టి.

ఇలా ఎందుకైందో తెలిస్తే బాధ ఎక్కువవుతుంది. గేమ్ ఇంకా తయారవుతున్నప్పుడు ఓడకు ఇంధనం అయిపోయేది, మధ్యలో చిక్కుకుపోయే ప్రమాదం ఉండేది. అది ఆటలో సరదా చంపేస్తోందని తీసేశామని దర్శకుడు టాడ్ హోవర్డ్ స్వయంగా ఇంటర్వ్యూలో చెప్పాడు. గ్రహాల మీది విషవాయువులు, వేడి, చలి కలిగించే దెబ్బ కూడా బాగా తగ్గించేశారు. ఇప్పుడు జంప్ అవగానే ట్యాంకు దానంతటదే నిండుతుంది. పైకి చిన్న సర్దుబాటులా కనిపిస్తుంది. కానీ ఇంధనం అక్కర్లేకపోతే, ఆ ఇంధనమైన హీలియం-3 తవ్వడానికి గ్రహం మీద మనం కట్టుకునే స్థావరం, ఔట్‌పోస్టు, అక్కర్లేదు. ఔట్‌పోస్టు అక్కర్లేకపోతే దారి మధ్య మజిలీ అక్కర్లేదు. మజిలీ లేకపోతే సత్రంతో పని లేదు, అక్కడ వినబడాల్సిన కబురుతోనూ పని లేదు. వీటన్నిటికీ కావాల్సిన సరంజామా గేమ్‌లో ఇప్పటికీ అలాగే ఉంది. ఔట్‌పోస్టులు మొదట 8 దాకా, నైపుణ్యం పెంచుకుంటే 24 దాకా కట్టొచ్చు, వాటి మధ్య సరుకు రవాణా లింకులూ పెట్టొచ్చు. ఎందుకు కట్టాలన్నదే మిగల్లేదు.

బస విషయంలో కొత్తవాళ్లకు నేరుగా చెప్పేది ఒకటే: డబ్బు పెట్టకండి. జెమిసన్ గ్రహం మీది న్యూ అట్లాంటిస్‌లో మీరు చేరే అన్వేషకుల బృందం కాన్‌స్టెలేషన్ భవనం, లాడ్జ్, కథ మొదట్లోనే మీ చేతికొస్తుంది. మీ గదిలో మంచం ఉంటుంది. గోడలో ఉన్న సేఫ్‌కి బరువు పరిమితి లేదు. కింద నేలమాళిగలో ఆయుధాలు, సూట్లు, మందులు తయారుచేసే బల్లలన్నీ ఒకేచోట ఉన్నాయి, పక్కనే ఎంత వేసినా నిండని పెట్టె. నిద్ర లేవగానే అనుభవ పాయింట్లు కాసేపు 10 శాతం ఎక్కువొస్తాయి, మనసిచ్చిన తోడు పక్కనుంటే 15 శాతం. ఆ లాభం మీ ఓడలోని మంచం మీద పడుకున్నా వస్తుంది. కాబట్టి ఆకిలాలోని సత్రం, నియాన్‌లోని హోటల్ చూడముచ్చటగా ఉన్నా వాటితో పనిపడదు. పాత్రను తయారుచేసేటప్పుడు ‘డ్రీమ్ హోమ్’ లక్షణం ఎంచుకుంటే 1,25,000 క్రెడిట్ల అప్పుతో నెసోయ్ గ్రహం మీద ఇల్లు వస్తుంది. ఇల్లు అందంగా ఉంటుంది. పొద్దస్తమానం లాడ్జ్‌కి పోవాల్సిన ఆటలో అక్కడికి వెళ్లే పని మాత్రం పడదు.

సేవల్లో ఎక్కువ విసిగించేది అమ్మకం. మామూలు దుకాణదారు దగ్గర ఉండేది సుమారు 5,000 క్రెడిట్లే. కాస్త ముందుకెళ్లాక రెండు మూడు మంచి తుపాకులు అమ్మేసరికి గల్లా ఖాళీ. మళ్లీ నిండాలంటే విశ్వకాలమానంలో 48 గంటలు గడవాలి. దీనికి పాత చిట్కా శుక్రగ్రహం. అక్కడ ఒక గంట విశ్రాంతి తీసుకుంటే విశ్వకాలంలో సుమారు 100 గంటలు గడిచిపోతాయి. ఇంకా సులువైంది, 2024 మేలో వచ్చిన అప్‌డేట్. సెట్టింగ్స్‌లో గేమ్‌ప్లే ఆప్షన్లకు వెళ్లి దుకాణదారుల డబ్బు, మీరు మోయగల బరువు పెంచుకోవచ్చు. నిషిద్ధ సరుకుంటే న్యూ అట్లాంటిస్‌కు తేకండి, కక్ష్యలోనే స్కాన్ చేసి పట్టుకుంటారు. వుల్ఫ్ వ్యవస్థలోని ‘ద డెన్’ స్టేషన్‌లో స్కాన్ ఉండదు, లోపలే ట్రేడ్ అథారిటీ అనే దుకాణం కొంటుంది. గ్రహాల సర్వే డేటా దొరికిన చోటల్లా అమ్మేయకుండా ‘ద ఐ’ స్టేషన్‌లో వ్లాదిమిర్‌కు ఇస్తే ధర బాగా వస్తుంది. మోత ఎక్కువైతే ఆక్సిజన్ కరిగిపోతుంది కాబట్టి మొదటి పాయింట్లలో ఒకటి బరువు మోసే నైపుణ్యానికి, ఒకటి బూస్ట్ ప్యాక్‌కు పెట్టండి. బూస్ట్ ప్యాక్ వీపున ఉన్నా ఆ నైపుణ్యం లేకపోతే ఎగరలేరు.

ఊళ్లలో న్యూ అట్లాంటిస్ విశాలంగా, శుభ్రంగా ఉంటుంది. మొదట వచ్చినప్పుడు ఊరి మ్యాపే లేదు, దుకాణం వెతుక్కోవడమే పెద్ద పనిగా ఉండేది. మే అప్‌డేట్‌తో అది తీరింది. దాని అడుగున ఉన్న ‘ద వెల్’ మాత్రం తప్పకుండా చూడండి. పైన మెరిసే ఊరి బరువు కింద మనుషులు ఎలా బతుకుతున్నారో అక్కడ తెలుస్తుంది. ఆకిలా మట్టివీధుల ఊరు, ఒక పూట చాలు.

నియాన్ దగ్గర మనసు నొచ్చుకుంటుంది. సముద్రం మధ్య చేపలు పట్టడానికి వేసిన వేదిక, అక్కడ దొరికే చాస్మ్‌బాస్ చేప నుంచి తీసే ఆరోరా అనే మత్తుమందు వల్ల నగరమైపోయింది. ఆ మందు చట్టబద్ధమైన చోటు అదొక్కటే. ఇంత మంచి పునాది మీద ఒక పొడవాటి వీధి, ఒక పేద వాడ, భయం పుట్టించని ముఠాలు, చల్లారిన డాన్స్ క్లబ్బు కట్టి ఊరుకున్నారు. ర్యూజిన్ కంపెనీలో ఉద్యోగంలో చేరే కథ ఒక్కటి అక్కడ నిలబడుతుంది.

ఒక్కచోటే ఈ గేమ్ లోపం మొత్తం చూడాలంటే పొరిమా వ్యవస్థలోని పారడైసో రిసార్టుకు వెళ్లండి. కక్ష్యలో గుర్తు తెలియని ఓడ ఒకటి ఆగి ఉంటుంది. ఎక్కి చూస్తే మనుషులే. దాదాపు 200 ఏళ్ల కిందట భూమి నుంచి బయల్దేరి, తరాల తరబడి ఓడలోనే పుట్టి పెరిగి, తమకు రాసిపెట్టిన గ్రహానికి ఇప్పటికి చేరారు. వాళ్లు దారిలో ఉండగా వెనక మనిషి గ్రావ్ డ్రైవ్ కనిపెట్టి వాళ్లకంటే ముందే వచ్చి అక్కడ రిసార్టు కట్టేశాడు. ఆలోచన ఎంత గొప్పదో చూడండి. ఇక మీ ముందుంచే దారులు: ఆ ఓడకు గ్రావ్ డ్రైవ్ కొనిచ్చి పంపేయడం, లేదా వాళ్లను రిసార్టులో వెట్టిపనికి ఒప్పించడం, లేదా ఓడను పేల్చేయడం. ఆ గ్రహం వాళ్లదే కదా అని గట్టిగా నిలబడే దారి లేదు. ప్రభుత్వం దగ్గరికి తీసుకెళ్లే వీలు లేదు. కోపమొచ్చి రిసార్టు బోర్డు సభ్యుల మీద తుపాకీ ఎత్తినా వాళ్లు చావరు, చావకుండా గేమే కాపాడుతుంది. అమాయకుల ఓడను పేల్చడానికి అనుమతి ఉంది, అన్యాయం చేసేవాళ్లను కదపడానికి లేదు. పాత్రధారణ అని పేరు పెట్టుకున్న ఆటలో ఇంతకంటే పెద్ద వైఫల్యం ఏముంటుంది?

ఊరు కాని చోట్ల దిగితే ఇంకో సమస్య. గేమ్ అప్పటికప్పుడు నేలను పుట్టించి, చేత్తో చేసిన కట్టడాలను దాని మీద చల్లుతుంది. కట్టడాల సంఖ్య తక్కువ, గ్రహాలు 1000. అందుకే మంచు పట్టిన క్రయో ల్యాబ్ ఒక గ్రహం మీద చూసి, ఎన్నో కాంతి సంవత్సరాల దూరంలో ఇంకో గ్రహం మీద మళ్లీ అదే ల్యాబ్‌లోకి వెళ్తారు. అదే మెట్ల మలుపు, అదే మూలన అదే శవం, అదే బల్ల మీద అదే చివరి సందేశం. గది ఆకారం ఒక్కటే అయినా ఓర్చుకోవచ్చు. ఒక మనిషి చావు రెండుసార్లు కనబడితే మొదటిసారి కలిగిన జాలి కూడా పోతుంది. మ్యాపులో కనబడ్డ ప్రతి గుర్తు దగ్గరికీ పోకుండా, ఎవరో పని చెప్పి పంపిన చోట్లకే వెళ్లండి. 2024 ఆగస్టులో వచ్చిన రెవ్-8 బండిని షిప్ టెక్నీషియన్ దగ్గర తీసుకుంటే నడక బాధ తప్పుతుంది. చివర్లో దొరికేది మాత్రం మారదు.

మీ పాత్రకు ప్రత్యేక శక్తులిచ్చే దేవాలయాలదీ అదే వరస. శక్తులు 24, ఒక్కొక్కటి 10 అంచెలు. ప్రతిసారీ గాల్లో తేలుతూ వెలుగు చుక్కల్లోంచి దూరడమే పని, అన్నీ పూర్తి చేయాలంటే 240 సార్లు. అంత దూరం పోకండి.

ఓడ కట్టే పని మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. రియాక్టర్, గ్రావ్ డ్రైవ్, ఇంజన్లు, కాక్‌పిట్, గదులు, డాకర్, దిగే కాళ్లు, అన్నీ ఒక్కో తయారీదారు శైలిలో విడివిడిగా దొరుకుతాయి. డీమోస్ ముక్కలకు సైనిక కళ, నోవా గెలాక్టిక్‌కు పాతకాలపు నాసా కళ ఉంటాయి. బి తరగతి ఓడ నడపాలంటే పైలటింగ్ మూడో ర్యాంకు, సి తరగతికి నాలుగో ర్యాంకు కావాలి. ముందే చూసుకోకపోతే పట్టుకున్న మంచి ఓడను అక్కడే వదిలి రావాల్సి వస్తుంది. కథల్లో క్రిమ్సన్ ఫ్లీట్ ముఠాలో దొంగచాటుగా చేరే వరస, రెండు లోకాల మధ్య ఒకే ప్రయోగశాల తారుమారయ్యే ‘ఎన్‌టాంగిల్డ్’ మిషన్ వదలొద్దు. ఆ ల్యాబ్‌లో ఒక గదిలోంచి ఇంకో గదికి వెళ్లడమే ఒక ప్రయాణంగా మార్చారు. చేతకాక కాదని అక్కడ తెలిసిపోతుంది.

ఉన్నంతలో ప్రయాణంలా అనిపించాలంటే మెనూ మ్యాపు మానేయండి. కాక్‌పిట్‌లో కూర్చుని స్కానర్ తెరిస్తే మిషన్ గుర్తు ఆకాశంలోనే కనబడుతుంది. దాన్ని గురిపెట్టి అక్కణ్నుంచే జంప్ చేయొచ్చు. గేమ్‌ప్లే ఆప్షన్లలో ఆకలిదప్పులు, వాతావరణ దెబ్బ, జబ్బులు కఠినం చేసుకుంటే తిండికీ మందులకూ విలువ వస్తుంది, పైగా కష్టానికి అదనపు అనుభవ పాయింట్లిస్తారు. ఇంధనం ఆప్షన్ మాత్రం ఇవ్వలేదు.

స్టీమ్‌లో కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. డబ్బు వాపసు కావాలంటే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా అడగాలి. ఈ గేమ్‌లో ఆ రెండు గంటలూ గని, క్రీట్ ఉపగ్రహం, న్యూ అట్లాంటిస్‌లో మొదటి అడుగులతోనే అయిపోతాయి, అసలు లోపం కనబడే చోటికి చేరనే చేరరు. కాబట్టి ముందు ఒక నెల గేమ్ పాస్ తీసుకుని చూసుకోవడం నయం. 2024 సెప్టెంబరు 30న వచ్చిన అదనపు కథాభాగం షాటర్డ్ స్పేస్ విడిగా కొనాలి, 35వ లెవెల్ చేరాక వెళ్లమని తయారీదారులే చెప్పారు. అందులో దజ్రా నగరం చుట్టుపక్కల నేలంతా చేత్తో చేసింది. నడుస్తుంటే దూరంగా ఏదో కనబడుతుంది, అటు మళ్లుతారు.