స్పైడర్‌వర్స్ ఇంట్లో చూడాలంటే డిస్కా, స్ట్రీమింగా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అక్క ఇంట్లో, ఒకే టీవీ మీద, 2018 నాటి ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్’ రెండు రకాలుగా చూశాం. ముందు స్ట్రీమింగ్‌లో, మర్నాడు 4కె బ్లూరే డిస్క్‌లో (4కె అంటే మరింత స్పష్టంగా, వివరంగా కనిపించే బొమ్మ).

తేడా అంతా బొమ్మలోనే ఉంది. ఈ సినిమా ఫ్రేముల నిండా పాత కామిక్ పుస్తకాల్లోలాంటి చుక్కలు, గీతలు, కావాలనే అంచు దాటించిన రంగులు ఉంటాయి. ఇంత సన్నటి పనిని కంప్రెషన్ (వీడియో సైజు తగ్గించడానికి దాన్ని కుదించడం) సరిగ్గా పట్టుకోలేదు. 4కె స్ట్రీమింగ్ సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల డేటాతో సరిపెట్టుకుంటుంది. 4కె డిస్క్‌కి 100 దాటే వీలుంది. క్లైమాక్స్‌లో రంగులన్నీ ఒక్కసారిగా మీదపడినప్పుడు స్ట్రీమింగ్‌లో చుక్కలు అలుక్కుపోయాయి. డిస్క్‌లో వాటిని లెక్కపెట్టొచ్చు! మా మేనల్లుడైతే టీవీ దగ్గరికెళ్లి వేలితో తడిమి చూశాడు.

ఖర్చు, సౌకర్యం చూస్తే స్ట్రీమింగ్‌దే పైచేయి. డిస్క్‌కి ప్లేయర్ కూడా కొనాలి. విదేశాల నుంచి తెప్పించేవాళ్లు ఒకటి గమనించండి: మామూలు బ్లూరేకి రీజియన్ లాక్ (ఒక ప్రాంతపు డిస్క్ మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా పెట్టే అడ్డు) ఉండొచ్చు, మనది రీజియన్ సి. 4కె డిస్కులకు ఆ గొడవ లేదు.

2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు, నెట్ లేక ఊరంతా అల్లాడింది. ఆరోజుల్లో కరెంటు తిరిగి వచ్చాక మా ఇంట్లో నడిచినవి డిస్కులే. అందుకే ఈ సినిమా డిస్క్ నేనూ కొంటున్నాను.