కిలోన్నర లోపు 600 ఎంఎం: పక్షుల కోసం తేలికైన టెలిఫోటోల లెక్క

నికాన్ జెడ్ 600 ఎంఎం ఎఫ్/6.3 లెన్స్ కాలర్ (స్టాండ్‌కి బిగించే పట్టీ) తీసేస్తే 1390 గ్రాములు, కాలర్ తగిలిస్తే 1470. అదే 600 ఎంఎం ఎఫ్/4లో కావాలంటే సోనీది 3040 గ్రాములు, కెనాన్ ఆర్ఎఫ్‌ది 3090. సగానికి సగం తగ్గిందన్నమాట. 2023లో ఇది వచ్చినప్పటి నుంచి "మోయగలిగే లెన్స్ ఏది?" అని ఎవరడిగినా చాలామంది ఇదే చూపిస్తున్నారు. నేనూ దాదాపు అదే చెప్తాను గానీ, మీ దగ్గరున్న కెమెరా బాడీ వేరే కంపెనీది కావొచ్చు, అంత డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోవచ్చు, అసలు మీరు తీసే పిట్టలకి ఇది నప్పకపోవచ్చు. అందుకే దీని మంచీ చెడూ చెప్తూ, మిగతావాటిని దీని పక్కన పెట్టి చూస్తాను.

ముందు ఒక చిన్న భాగహారం. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగించండి. 600ని 4తో భాగిస్తే 150, అంటే వెలుతురు లోపలికి వచ్చే దారి వ్యాసం 150 మిల్లీమీటర్లు. ముందున్న గాజు కనీసం అంత ఉండి తీరాలి, అందులో ఏ కంపెనీకీ మినహాయింపు లేదు. 600ని 6.3తో భాగిస్తే 95. గాజు వ్యాసం తగ్గితే మందమూ తగ్గుతుంది కాబట్టి బరువు ఇంకా వేగంగా పడిపోతుంది. లెన్స్ బొమ్మ చూసి, పేరు చూసి, ఖరీదైన లెన్స్‌ల మీద కంపెనీలు వేసే ఎల్ అనో జీఎం అనో ఎస్ అనో అక్షరం చూసి మురిసిపోయే ముందు ఈ వ్యాసం ఎంత, బరువు ఎంత అని రెండు అంకెలు రాసుకుంటే చాలా ప్రచారం దానంతటదే రాలిపోతుంది. ఇకపై నేను 95, 89, 70 అంటూ ఉంటే అది ఈ అంకే.

వ్యాసం తగ్గడం ఒక్కటే కాదు, ఈ నికాన్‌లో పీఎఫ్ అనే ఎలిమెంట్ ఉంది, ఫేజ్ ఫ్రెనెల్. 1820ల్లో లైట్‌హౌస్‌ల కోసం ఫ్రెనెల్ చేసిన లెన్స్ పేరే దీనికి పెట్టారు. సన్నటి వలయాలు చెక్కిన ఈ ఎలిమెంట్ రంగుల్ని మామూలు గాజుకి సరిగ్గా వ్యతిరేక దిశలో చెదరగొడుతుంది, రెండూ కలిస్తే అంచుల్లో వచ్చే ఊదా, ఆకుపచ్చ గీతలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దాన్ని సరిచెయ్యడానికి పెట్టే గాజులు కొన్ని తగ్గుతాయి, లెన్స్ పొట్టిదవుతుంది. కొత్తేం కాదు, కెనాన్ 2001లోనే డీఓ పేరుతో 400 ఎంఎం ఎఫ్/4లో ఇదే జాతి ఎలిమెంట్ పెట్టింది. కాకపోతే అది దాదాపు రెండు కిలోలు.

ఎఫ్/4 నుంచి 6.3కి దిగితే ఒకటింపావు స్టాప్ కంటే కాస్త ఎక్కువే పోతుంది (ఒక స్టాప్ పోవడమంటే వెలుతురు సగమవడం). ఐఎస్‌ఓ 1600తో అయ్యే పని 4000కి వెళ్తుంది, అంటే సెన్సర్ సిగ్నల్‌ని అంత ఎక్కువ పెంచాలి, దాంతో నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) పెరుగుతుంది. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్లూ నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లూ ఉండగా 4000 పెద్ద భయపడాల్సిన అంకె కాదు. చెట్ల గుబురులో తెల్లవారుజామున తీసేవాళ్ళకి మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, 12800 దాటాక ఈకల్లోని సన్నటి గీతలు ముద్దయిపోతాయి. వెనక బ్యాక్‌గ్రౌండ్ కూడా ఎఫ్/4లో కరిగినంత ఇందులో కరగదు. పిట్ట వెనక కొమ్మలు దగ్గరగా ఉంటే మీరే రెండడుగులు పక్కకి జరిగి, ఖాళీ ఉన్నచోటు చూసుకోవాలి.

ఇంత ఇచ్చి మనం తెచ్చుకునేది ఏమిటంటే, కెమెరాని కంటి దగ్గర ఉంచగలిగే టైమ్. పిట్ట ఆకుల వెనక్కి వెళ్తుంది, ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అనిపిస్తుంది, మీరు వ్యూఫైండర్‌లో చూస్తూ అలాగే నిలబడతారు. మూడు కిలోల లెన్స్ అయితే కాసేపటికే ఎడమ భుజం పీకడం మొదలవుతుంది, ఫోకస్ పాయింట్ పిట్ట తల మీద నిలవకుండా తోక దాకా ఊగుతూ ఉంటుంది, వైబ్రేషన్ రిడక్షన్ సన్న వణుకుని పట్టుకుంటుంది గానీ అలిసిపోయి చెయ్యి కిందికి జారిపోతుంటే అదేం చేస్తుంది? ఒక్క క్షణం దించుతారు. సరిగ్గా అప్పుడే అది బయటికొచ్చి ఎగిరిపోతుంది. మోనోపాడ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. నీటి ఒడ్డున కూర్చుని కొంగల్ని తీసేటప్పుడు బ్రహ్మాండం. తల మీదుగా గద్ద తిరుగుతుంటే మోనోపాడ్‌తో మెడా నడుమూ ఏ కోణంలోకి వంచుతారో మీ ఇష్టం. 1390 గ్రాముల లెన్స్‌ని నికాన్ జెడ్8 బాడీకి తగిలిస్తే మొత్తం 2300 గ్రాములు, ఒక్క ఎఫ్/4 లెన్స్ కంటే తక్కువ. అదే లెన్స్ జెడ్9కి తగిలిస్తే ఇంకో 430 గ్రాములు పెరుగుతుంది. అరకిలో తగ్గించుకోవడానికి లెన్స్ మార్చాలని చూసేవాళ్ళు ఒకసారి బాడీ వైపు కూడా చూడాలి.

ఇక దీని తలనొప్పులు. మొదటిది, పిట్టని వెతకడమే. 600 ఎంఎంలో కనిపించేది సుమారు 4 డిగ్రీలు, గొట్టంలోంచి లోకాన్ని చూసినట్టే. జూమ్ అయితే 200కి తగ్గించి, పిట్టని పట్టుకుని, మళ్ళీ 600కి లాగొచ్చు, ఇందులో ఆ వెసులుబాటు లేదు. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా కెమెరానే కంటి దగ్గరికి తెచ్చుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇంకో పని, ఫోకస్‌ని ముందే పిట్ట ఉన్నంత దూరంలోని ఏ కొమ్మ మీదో పెట్టి ఉంచుకోవడం. లెన్స్ ఫోకస్ దగ్గరి కొసన ఉండిపోతే వ్యూఫైండర్‌లో ఆకుపచ్చ మసక తప్ప ఏమీ ఉండదు, పిట్ట అందులోనే ఉన్నా మీకూ తెలీదు, కెమెరాకీ తెలీదు, ఆటోఫోకస్ అటూ ఇటూ కొట్టుకుంటూ కూర్చుంటుంది. చాలామంది "ఫోకస్ స్లో" అని లెన్స్‌ని తిట్టేది నిజానికి ఇక్కడే.

రెండోది, పీఎఫ్ ఎలిమెంట్‌కి బలమైన వెలుతురు ఎదురుగా పడితే నచ్చదు. ఫ్రేమ్‌లోనో దాని అంచునో సూర్యుడు ఉంటే చుట్టూ రంగురంగుల మసక వలయం వస్తుంది. సూర్యాస్తమయంలో కొంగల గుంపు సిల్హౌట్లు మీకు ప్రాణమైతే ఇది గుర్తుపెట్టుకోండి. మామూలుగా వెలుతురు మీ వెనకో పక్కనో ఉన్నప్పుడు ఆ ఊసే ఉండదు. మూడోది, కనీస ఫోకస్ దూరం 4 మీటర్లు. పిట్టలకి సరే, సీతాకోకచిలుకలూ తూనీగలూ కూడా తీద్దామనుకుంటే విసుగు పుడుతుంది.

ఆ విసుగు లేని లెన్స్ కెనాన్ ఆర్ఎఫ్ 100-500. కాలర్ లేకుండా 1370 గ్రాములు, 500 దగ్గర కూడా 1.2 మీటర్ల దాకా ఫోకస్ అవుతుంది, తూనీగ రెక్కల ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు. వ్యాసం 70, కొసన ఎఫ్/7.1. కెనాన్ బాడీ ఉండి, ఒకే లెన్స్‌తో పిట్టలూ జంతువులూ పురుగులూ అన్నీ కావాలంటే నేను ఇంకోటి చెప్పను. ఒక చిరాకు ఉంది, కన్వర్టర్ (లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచే ముక్క) పెడితే జూమ్ 300 నుంచి 500 మధ్యే తిరుగుతుంది, లెన్స్‌ని పూర్తిగా ముడిచి సంచిలో పెట్టడం కుదరదు. కెనాన్‌దే 200-800 వ్యాసంలో దీన్ని దాటేస్తుంది, 89, కానీ 2050 గ్రాములు, అక్కడికి తేలిక అనే మాట అయిపోయినట్టే.

సోనీ వాళ్ళు వెంటనే 200-600 గురించి అడుగుతారు. మంచి లెన్సే, జూమ్ చేసినా పొడవు మారదు, బరువు చేతిలో ఒకేచోట నిలుస్తుంది. వ్యాసం నికాన్ ప్రైమ్‌తో (జూమ్ లేని ఆ 600తో) సమానం, 95. కానీ 2115 గ్రాములు. అంటే అంతే వెలుతురుకి జూమ్ అనే సౌకర్యం కోసం ఏడు వందల గ్రాములు ఎక్కువ మోస్తున్నారు. అది మీకు గిట్టుబాటేనా అన్నది మీరు ఎంత దూరం నడుస్తారన్న దాని మీద ఉంటుంది. కారు దిగకుండా తీసేవాళ్ళకి హాయిగా గిట్టుబాటే. నడిచేవాళ్ళు 2024లో వచ్చిన సిగ్మా 500 ఎంఎం ఎఫ్/5.6 చూడండి, 1370 గ్రాములు, వ్యాసం 89, పైగా పీఎఫ్ లాంటి ఎలిమెంట్ లేకుండానే ఇంత తేలిగ్గా చేశారు కాబట్టి ఎదురు వెలుతురులో ఆ వలయాల గొడవ ఉండదు. మెలిక ఏమిటంటే సోనీ బాడీల మీద వేరే కంపెనీ లెన్స్‌లు సెకనుకి 15 ఫ్రేములు దాటవు, కన్వర్టర్లూ పనిచెయ్యవు. కూర్చున్న పిట్టకి 15 ఫ్రేములు ఎక్కువే. నీట్లోకి దూకే లకుముకి కోసం సెకనుకి 30 ఫ్రేముల బాడీ కొనుక్కున్నవాళ్ళకి మాత్రం మండుతుంది, న్యాయమే.

మైక్రో ఫోర్ థర్డ్స్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉండే కెమెరాలు) గురించి గొడవలు ఎక్కువ. ఓఎం (పాత ఒలింపస్) 300 ఎంఎం ఎఫ్/4 కాలర్ లేకుండా 1270 గ్రాములు, 600 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది, 1.4 మీటర్ల దాకా ఫోకస్ అవుతుంది, ఓఎం-1 బాడీ ఆరు వందల గ్రాములే. "600 ఎఫ్/4 సంచిలో పట్టేసింది" అని రాసేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. వ్యాసం 75, అంతే. ఎక్స్‌పోజర్ ఎఫ్/4దే అయినా, నాయిస్‌లోనూ బ్యాక్‌గ్రౌండ్ కరగడంలోనూ అది ఫుల్‌ఫ్రేమ్ 600 ఎఫ్/8 లాంటిది. అలా అని చెడ్డదా? కానే కాదు, మొత్తం కిట్ రెండు కిలోల లోపు, వానకీ దుమ్ముకీ వెరవదు, కొండలెక్కేవాళ్ళకి దీన్ని మించింది తక్కువ. పేరు చూసి కాకుండా లెక్క చూసి కొనండి అంటున్నానంతే. ఫుజీ 150-600 కూడా ఇదే వ్యాసం, 1605 గ్రాములు, మాంచి వెలుతురు ఉన్నచోట తీసేవాళ్ళకి.

డబ్బు తక్కువ పెట్టాలంటే కెనాన్ ఆర్ఎఫ్ 100-400. 635 గ్రాములు! వ్యాసం 50, కొసన ఎఫ్/8, వెదర్ సీలింగ్ లేదు, హుడ్ కూడా విడిగా కొనుక్కోవాలి. ఎండ బాగా ఉన్నప్పుడు ఇది ఇచ్చే ఫొటోలు చూసి పెదవి విరిచేవాళ్ళు నోరు మూసుకుంటారు. సాయంత్రం కాగానే దాని పని అయిపోతుంది. పక్షుల పిచ్చి నిజంగా పట్టిందా లేదా అని తేల్చుకోవాలనుకునే వాళ్ళకి నా ఓటు దీనికే. కెనాన్ 600 ఎఫ్/11కి మాత్రం నేను ఓటెయ్యను. 930 గ్రాములకి 600 అంటే ఆశ పుడుతుంది నిజమే, కానీ అపర్చర్ మారదు, వాడే ముందు గొట్టం బయటికి లాగి లాక్ చెయ్యాలి, మొదటి ఆర్5, ఆర్6 బాడీల్లో ఆటోఫోకస్ ఫ్రేమ్ మధ్య భాగంలోనే పనిచేస్తుంది. ఎఫ్/5.6 దగ్గర సెకనులో 1/2000 వంతు షట్టర్ స్పీడ్ వచ్చేచోట దీంతో 1/500 వస్తుంది. ఎగిరే పిట్టకి 1/500 చాలదు, అంతకంటే చెప్పేదేం లేదు.

పాతవి కొనడానికి భయం లేకపోతే 2018 నాటి నికాన్ 500 ఎంఎం ఎఫ్/5.6 పీఎఫ్ ఉంది, 1460 గ్రాములు, వ్యాసం 89. పాత నికాన్ లెన్స్‌ని కొత్త బాడీకి కలిపే ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో జెడ్ బాడీల మీద చక్కగా పనిచేస్తుంది. కొత్త 600 రేటు చూసి వెనకాడేవాళ్ళకి నేను ముందు దీన్నే చూపిస్తాను. కెనాన్ వైపు 1993 నాటి 400 ఎఫ్/5.6 ఉంది, 1250 గ్రాములు, వణుకుని పట్టే స్టెబిలైజేషన్ లేదు. ఎగిరే పిట్టలకి ఎలాగూ 1/2000 పైనే ఉంటాం కాబట్టి అది లేకపోయినా పెద్ద నష్టం లేదు, కూర్చున్న పిట్టని మసక వెలుతురులో తీసేటప్పుడే తెలిసొస్తుంది.

ఒకటి మాత్రం ఏ లెన్సూ సరిచెయ్యలేదు. నేల వేడెక్కాక దూరంగా ఉన్న పిట్టని తీస్తే మధ్యలోని గాలి అలలు అలలుగా కదులుతూ ఈకల్ని చెరిపేస్తుంది, దాన్ని చూసి లెన్స్ షార్ప్‌గా లేదని సర్వీస్‌కి పంపేవాళ్ళున్నారు. కన్వర్టర్ పెట్టి 840కి వెళ్తే ఆ అలలు కూడా పెద్దవవుతాయి తప్ప వివరం పెరగదు. దగ్గరికి నడవడం ఒక్కటే దారి, నడవాలంటే మళ్ళీ బరువు దగ్గరికే వస్తాం.

కొనేముందు షాపులో రెండు నిమిషాలు అడిగి తీసుకోండి. మీ బాడీకే తగిలించి, హుడ్ పెట్టి, కాలర్ ఉంచి, కంటి దగ్గర పెట్టుకుని ఆ రెండు నిమిషాలూ దించకుండా ఎదురుగా ఉన్న చిన్న వస్తువు ఏదో ఒకటి ఫ్రేమ్ మధ్యలో నిలపండి. ఎడమ చెయ్యి ఎక్కడ పడుతోందో చూసుకోండి, జూమ్ అయితే ఆ చెయ్యి తియ్యకుండానే రింగ్ తిరుగుతోందో లేదో చూడండి, లెన్స్ ముక్కు కిందికి లాగుతోందా అని గమనించండి. ఆ తర్వాత కాలర్ తీసేసి ఇంకోసారి.