వంశవృక్షాలకు గ్రాంప్స్: దత్తతలు, మేనరికాలు ఇమిడే సాఫ్ట్‌వేర్

ఉచితంగా దొరికే గ్రాంప్స్ మన కుటుంబాలకు ఎంతవరకు పనికివస్తుందో తేల్చుకోవడానికి, నెల్లూరులోని మా బంధువర్గం వివరాలతో పాటు, చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న వెంకటగిరి సంస్థానాధీశుల వంశాన్ని కూడా అందులోకి ఎక్కించాను. వంశవృక్షం గీసే ఏ సాధనానికైనా ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదని నా నమ్మకం.

వెంకటగిరిని ఏలిన వెలుగోటి వారింట 1862లో పుట్టిన బాలుడు బొబ్బిలికి దత్తు వెళ్లి, వేంకట శ్వేతాచలపతి రంగారావుగా ఆ సంస్థానాన్ని ఏలారు. అదే వంశం నుంచి జటప్రోలు సంస్థానానికి దత్తు వెళ్లినవారు సురభి లక్ష్మారావు అయ్యారు. ఇదే వంశం నుంచి పిఠాపురానికి దత్తు వెళ్లిన రామకృష్ణారావుగారి విషయం మరింత చిక్కుముడి. దత్తత జరిగిన చాలాకాలానికి, 1885లో, దత్తు తీసుకున్న రాజావారి సొంత కొడుకుగా సూర్యారావుగారు జన్మించడంతో వారసత్వ వివాదం రేగి, ఆ రాజావారి వీలునామా చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న అప్పట్లో చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1899లో తేలింది. ఇటువంటి చోట కన్నవారి శాఖను వదిలేసి పెంచుకున్నవారి శాఖను మాత్రమే చూపడం పెద్ద పొరపాటు, ఎందుకంటే పుట్టింటి వరసలో పెళ్లికి పనికిరాని సంబంధం దత్తత తర్వాత కూడా పనికిరాదని 1956 నాటి దత్తత చట్టమే చెబుతోంది.

గ్రాంప్స్ ఈ పరీక్షలో నెగ్గింది. ఒకే వ్యక్తిని కన్నవారికీ, పెంచుకున్నవారికీ కలిపి, ఏది జన్మసంబంధమో ఏది దత్తతో విడివిడిగా నమోదు చేయవచ్చు. ఇంటిపేరు ముందు వచ్చేలా మార్చుకోవచ్చు. గోత్రాన్ని అదనపు వివరంగా చేర్చుకోవచ్చు. మేనరికాల వల్ల ఒకే తాతగారు పూర్వీకుల పటంలో రెండు చోట్ల కనిపిస్తారు గానీ, సంబంధాల పటంలో ఒక్కచోటే ఉండి, రెండు శాఖలూ ఆయన దగ్గర కలుస్తాయి. రెండు మూడు తరాలుగా ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లవారు ఈ రెండో పటాన్నే తీయించుకోవాలి.

లోటల్లా వరసల దగ్గరే. ఇంగ్లీషులో వాడితే మేనత్త కొడుకునూ, పెదనాన్న కొడుకునూ ఒకే మాటతో కజిన్ అంటుంది. ఒకరు బావ, మరొకరు అన్న అయ్యే మనకు ఆ మాట ఎందుకూ కొరగాదు. సంబంధాలు చూసే పనికి వాడదలచినవారు వరసను పెద్దలను అడిగి, గోత్రంలాగే విడిగా రాసుకోవాలి. ఇతరులకు పంపే ముందు బతికున్నవారి వివరాలను తొలగించే ఎంపికను తప్పక వాడండి.